బీపీ తగ్గిందని మాత్ర ఆపొద్దు



"నాకు తలనొప్పి లేదు, కండ్లు తిరగడం లేదు, నాకెందుకుంటుంది సామీ బీపీ?" అని మన అనంతపురం పల్లెల్లో చాలామంది అంటుంటారు. బీపీకి నొప్పి ఉండదు. నొప్పి లేకుండానే గుండెను, మెదడును, కిడ్నీలను దెబ్బతీస్తుంది. అందుకే పరీక్ష చేయించుకుంటేనే తెలుస్తుంది.

వేర్వేరు రోజుల్లో చూసినా పై అంకె 140 లేదా కింది అంకె 90, అంతకంటే ఎక్కువ ఉంటే బీపీ ఉన్నట్టే. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ చూపించుకోవాలి. ఊరి హెల్త్ క్లినిక్‌లో, పీహెచ్‌సీలో, 104 వాహనం దగ్గర పరీక్ష ఉచితం, మాత్రలూ ఉచితం. చూపించుకునే ముందు అరగంట కాఫీ, టీ, బీడీ వద్దు. ఐదు నిమిషాలు ఊరకే కూర్చోండి.

ముఖ్యమైన మాట ఇది. మాత్రలు వేసుకున్నాక అంకె 130కి వస్తుంది. "తగ్గింది కదా" అని ఆపేస్తారు. తగ్గింది మాత్ర వల్లే. ఆపితే మళ్లీ పెరుగుతుంది. డాక్టరు చెప్పకుండా ఆపొద్దు. ఒకరోజు మరిచిపోతే మరుసటి రోజు రెండు వేసుకోవద్దు.

వానలు లేక బెంగళూరుకు పనికి పోయేవాళ్లు ఇంకా జాగ్రత్త. పోయే ముందే నెలకు సరిపడా మాత్రలు అడిగి తీసుకోండి. చీటీని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. అక్కడ ప్రభుత్వ 'నమ్మ క్లినిక్'లలో కూడా బీపీ ఉచితంగా చూస్తారు.

ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు. నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్టు 50 రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్ని రోజులొస్తుందో లెక్క చూడండి. ఊరగాయలో, అప్పడాల్లో, బజ్జీల్లో ఉన్న ఉప్పు కూడా ఈ లెక్కలోదే. సంగటి మంచిదే, పక్కన ఊరుబిండిలో ఉప్పు తగ్గించండి. బీడీ, సారాయి మానండి.

మోకాళ్ల నొప్పులకు అంగట్లో కొనే నొప్పి మాత్రలు కొన్ని బీపీని పెంచుతాయి. డాక్టరును అడగకుండా మింగొద్దు.

"కార్డుంది, పెద్ద జబ్బొస్తే చూసుకుందాంలే" అనుకోవద్దు. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆసుపత్రి ఖర్చు తప్పుతుంది గానీ, పక్షవాతంతో పడిపోయిన చెయ్యి మళ్లీ పారపట్టేలా అవుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. మూతి వంకర పోయినా, చెయ్యి, కాలు ఉన్నట్టుండి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. తెల్లారేదాకా ఆగొద్దు.

ఇప్పుడే మీ మాత్రల పొట్లం తీసి చూడండి. వారానికి సరిపడా కూడా లేకపోతే రేపే ఆశా అక్కను అడగండి.