ఆటగాండ్ర గాయములు
(మారేడ్‌పల్లి పఠనమందిరమున నొసగిన యుపన్యాసము)



మేము న్యాయవాదులము, వైద్యులము కాము. స్వచ్ఛంద సేవకులుగా ప్రథమచికిత్స నేర్చికొన్నంత మాత్రమున శరీరశాస్త్రముపై నుపన్యసించుట సాహసమే. అయినను ఇటీవల మన పేటలోని యొక యాటస్థలమున జూచినది మమ్ము నిక్కడికి రప్పించినది. చెడుగుడు ఆడుచుండిన పదునాలుగేండ్ల బాలునకు చీలమండ మడతపడెను. ఒక పెద్దమనిషి పాదము పట్టి లాగెను. మఱియొకరు వేడినూనె తెప్పించి మర్దనా చేసిరి. మూడవవారు “మగపిల్లవాడవు, లేచి పరుగెత్తుము” అనిరి. బాలుడు లేచెను, పరుగెత్తెను కూడ. మఱునాటికి కాలు కుండవలె పొంగెను. ఆ మువ్వురును బాలుని మేలు కోరినవారే; అదియే మా విచారమునకు కారణము.

పెద్దలయిన మనుష్యుల దేహమున ఎముకలు 206. అందు ఒక్కొక్క పాదమున 26. అనగా మొత్తములో నాలుగవ వంతు రెండు పాదములలోనే యున్నవి. పిక్కయందలి రెండెముకలును పాదపు మీది యెముక యొకటియు గలిసినచోటే చీలమండ. ఎముకను ఎముకతో కట్టియుంచు నారవంటి పట్టీలు సంధిబంధనములు. కండరమును ఎముకకు తగిలించు త్రాళ్లు స్నాయువులు. మడమ వెనుక చేతికి దగులు గట్టి త్రాడు ఇట్టి స్నాయువే. పాదము లోపలికి దిరిగినప్పుడు చీలమండ వెలుపలి బంధనములు మితిమీఱి సాగును, లేదా చినుగును. దీనినే మనము బెణుకు అందుము. కండరమునకు నెత్తురు సమృద్ధిగా నందును గనుక త్వరగా కోలుకొనును. బంధనములకు అంతగా నందదు గనుక వారములు, ఒక్కొక్కప్పుడు మాసములు పట్టును. ఈ యొక్క సంగతి తెలిసినచో “బెణుకే గదా” యను మాట మన నోట రాదు.

చినిగినచోట లోలోపల నెత్తురు కాఱుచుండగా, వేడిమి పెట్టినను మర్దించినను అది హెచ్చును. కావున మొదటి రెండు మూడు దినములు నూనెయు కాపడమును తగవు. ఆట మాన్పించి, మంచుగడ్డను గుడ్డలో చుట్టి 15, 20 నిమిషములు ఉంచవలెను. ఒంటికి నేరుగా తగిలించినచో చర్మము చెడును. పిమ్మట సాగుడు పట్టీ చుట్టి, కాలిని దిండ్లపై గుండెకన్న నెత్తున నుంచవలెను. వ్రేళ్లు చల్లబడినను, నీలివన్నెకు దిరిగినను, తిమ్మిరి యెక్కినను కట్టు బిగువైనదని యెఱిగి వెంటనే సడలింపవలెను. నాలుగడుగులు వేయలేకున్నను, ఎముకపై నొక్కినచో నొప్పి పుట్టినను ఎక్స్‌రే తీయింపవలెను. న్యాయస్థానమున తడబడు సాక్షులను మేము చాలమందిని చూచితిమి. వాపు మాత్రము అబద్ధమాడదు. అట్లని నెలల తరబడి మంచమున బడియుండుటయు తప్పే. నొప్పి తగ్గుచున్నకొలది మెల్లగా కదలింపవలెను. తలకు దెబ్బ తగిలి తెలివి తప్పినవానిని, మత్తుగానున్నవానిని ఆ దినము మరల ఆటలో దింపరాదు. ఇందులో వాదమునకు తావులేదు.

పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారరుదు. ఆ విద్యను తరతరములుగా నిలుపుకొన్నవారిని మేము తూలనాడము. కాని విరిగిన తీరు చూడక బిగించిన కట్టులో నెత్తురాడక కండరము చచ్చినచో, ఆ చేయి తిరిగి చేయి కాదు. స్వదేశీయమని గుడ్డిగా నమ్ముటయు, నాటుదని త్రోసివేయుటయు మాకు సమ్మతము గాదు. ముందు ఎక్స్‌రే, తరువాత కట్టు.

మన మారేడ్‌పల్లి సంగతియే చూడుడు. ఈ పేటలోని యింటినుండి బాలికగా దినమును 56 కిలోమీటర్లు ప్రయాణము చేసి బాడ్మింటను నేర్చిన పి.వి. సింధు, 2022 ఆగష్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో ఎడమకాలి నొప్పితోనే ఆడి స్వర్ణపతకము గెలిచెను. ఆ వార్త యెల్లరకు జ్ఞాపకమే. తరువాతి వార్త యెందఱకు జ్ఞాపకము? ఆ కాలి యెముకలో సన్నని బీట యున్నదని తేలినది. వెంటనే వచ్చిన ప్రపంచ పోటీలను ఆమె వదలుకొనెను. 2023 జనవరివఱకు మరల బరిలో దిగలేదు. ఇట్టి బీట ఒక్క దెబ్బకు వచ్చునది కాదు. పదేపదే పడు భారమునకు ఎముక తన్ను తాను బాగుచేసికొను తీరిక లేక వచ్చునది. ఆమెకు ఒకప్పటి గురువైన పుల్లెల గోపీచంద్ 1994లో మోకాలి బంధనము తెగి, శస్త్రచికిత్సలు చేయించుకొని, 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేత యయ్యెను. నడుమ ఏడేండ్లు! బాలురకు మనము పతకముల కథ చెప్పుదుము. ఆ మాసములను, ఆ యేండ్లను చెప్పము.

సింధు నొప్పితో ఆడలేదా యని మీరడుగవచ్చును. ఆడెను. ఆమె వెనుక వైద్యులును, ఫిజియోథెరపిస్టులును ఉండిరి. మన యాటస్థలమున బాలుని వెనుక వేడినూనె గిన్నె తప్ప ఏమున్నది? ఆ బాలుని తండ్రి దినకూలి. కొడుకు కాలు చెడినచో ఆటయే గాదు, రేపటి కూలియు పోవును.

కావున పఠనమందిరమువారిని మేము కోరునది స్వల్పము. ఆటస్థలము దగ్గఱ నొక పెట్టె యుంచుడు: రెండు సాగుడు పట్టీలు, శుభ్రమైన గుడ్డ, ఒక జత అట్టబద్దలు. మంచుగడ్డ ఎదుటి సోడాకొట్టున దొరకును; కొట్టువానితో మేము మాటాడితిమి, ఒప్పుకొనెను. తాళముచెవి యెవరియొద్ద నుండునో మాత్రము ఇప్పుడే తేల్చుడు. చెవి గల పెద్దమనిషి పొరుగూరికి పోయిన దినముననే కాళ్లు బెణుకుచుండును.