ఎవరి చేను పోయింది?

 

పట్టాలు అందుకున్న మీలో చాలామంది గ్రూప్స్‌కీ పోలీసు ఉద్యోగాలకీ చదువుతున్నారు. అందుకే తిరుగుబాట్లను అణచే విద్య గురించి మాట్లాడతాను. అల్జీరియాలో పనిచేసిన ఫ్రెంచి సైనికాధికారి డేవిడ్ గలూలా 1964లో దీని మీద ఒక పుస్తకం రాశాడు. గెలవాల్సింది జనాన్ని, తిరగబడినవాణ్ని జనం నుంచి విడదీయాలి, ఆ తర్వాత పాలన నిలబెట్టాలి అంటాడు.

ఈ పని అనంతపురంలో అంతకు 160 ఏళ్ల ముందే జరిగింది. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఈ ఊళ్లోనే మకాం పెట్టాడు. జనరల్ క్యాంబెల్ సైన్యం ఊళ్లను ఏలుతున్న 80 మంది పాళెగాళ్లను లొంగదీసింది. మన్రో ఊరూరా భూములు కొలిపించి, రైతుతోనే నేరుగా శిస్తు కుదుర్చుకున్నాడు. పాళెగాడికీ రైతుకీ ఉన్న లంకె తెగింది. జనం తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు కూడా. గలూలా దిద్దితే పూర్తి మార్కులే.

కానీ ఆ శిస్తు ఈ కరువు నేల మోయలేదని మన్రోకే తెలుసు. 1807లో వెళ్లిపోతూ పావు వంతు తగ్గించమని రాశాడు. పైవాళ్లు వినలేదు. 1820లో తానే గవర్నరయ్యాక గానీ ఆ మాట చెల్లలేదు.

ఇక 1846. ఈ సీమలోనే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు. కంపెనీ ఇచ్చే నెలకు 11 రూపాయల పైచిలుకు భరణం దగ్గర వచ్చిన తగువునే అందరూ చెబుతారు. నాకు ఆయన వెంట నడిచినవాళ్లు ముఖ్యం. వాళ్లలో ఎందరో ఊరి కావలి కాసే కట్టుబడులు. తరతరాలుగా ఆ కొలువు మీద అనుభవిస్తున్న ఇనాం చేలను కంపెనీ వెనక్కి లాక్కుంటోంది. చేను పోయినవాడూ, రేపు నాదీ పోతుందని భయపడ్డవాడూ కలిసి జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని అక్కడే ఉరితీశారు. తలను కోట మీద 1877 దాకా వేలాడదీశారు. ముప్పై ఏళ్లు! జనం మనసు గెలిచిన పాలనకు ఆ తలతో పనేముంది?

గలూలా విద్యకు లోటు ఇక్కడే ఉంది. జనాన్ని ఎలా గెలవాలో చెబుతుంది గానీ, జనం అడుగుతున్నది న్యాయమేనా అని అడగదు.

రేపు మీలో ఒకరు తహసీల్దారు అవుతారు, ఇంకొకరు ఎస్సై అవుతారు. జనం రోడ్డెక్కిన రోజున, నాయకుడెవడని ఆరా తీసేముందు ఆ ఊరి అడంగల్ తెప్పించండి. ఎవరి చేను పోయిందో చూడండి.