తట్టు వస్తే కబురు దాచొద్దు
(ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)

నేను డాక్టర్ని కాను, బడిపంతుల్ని. ఒక పిల్లాడికి తట్టు వస్తే రెండు వారాల్లో పక్క బెంచీ ఎట్లా ఖాళీ అవుతుందో తెలిసినవాణ్ణి. అందుకే మాట్లాడుతున్నా.

మన వాడల్లో తట్టును అమ్మవారు పోసిందంటారు. మొక్కుకునే తల్లిని కసురుకోకండి. కసిరితే రేపు కబురు దాస్తుంది. వేపమండ గుమ్మానికి ఉండనీ. పిల్ల మాత్రం ఆసుపత్రికి రావాలి.

గుర్తుపట్టడం ఎట్లా? ముందు జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడటం. మూడు నాలుగు రోజులకు చెవుల వెనక, ముఖం మీద దద్దుర్లు మొదలై కిందికి దిగుతాయి. దద్దుర్లకు ముందే బుగ్గల లోపల ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలు కనపడొచ్చు. నోరు తెరిపించి చూడండి. మన పిల్లల నల్లటి ఒంటిమీద ఎరుపు తొందరగా తేలదు. వెలుతురులోకి తెచ్చి, చేత్తో తడిమి చూడాలి. గడప బయట నిలబడి, ముట్టుకోకుండా చూసేవాళ్ళకి తట్టు దొరకదు!

దద్దుర్లకు 4 రోజుల ముందు నుంచి, వచ్చిన 4 రోజుల తర్వాత దాకా ఇది అంటుతుంది. రోగి వెళ్ళిపోయాక కూడా గదిగాలిలో 2 గంటల వరకు ఉంటుంది. రక్షణ లేనివాళ్ళు దగ్గరగా మెలిగితే 10 మందిలో 9 మందికి రావొచ్చు. కాబట్టి ఆ పిల్లను చంటిపిల్లల వరసలో కూర్చోబెట్టొద్దు. వేరే గది ఇవ్వండి. వేరే గది అంటే బయట ఎండలో నిలబెట్టడం కాదు. దూరం పెట్టాల్సింది రోగాన్ని, మనిషిని కాదు. వెలి అంటే ఏమిటో మాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

తట్టు వైరస్‌ను చంపే మందు లేదు. కానీ చేయాల్సింది చాలా ఉంది. విటమిన్ ఎ ఈరోజు ఒక మోతాదు, రేపు ఒక మోతాదు: 6 నెలల లోపు 50 వేల యూనిట్లు, 6 నుంచి 11 నెలలకు 1 లక్ష, ఏడాది దాటితే 2 లక్షలు. ఇది చూపును కాపాడుతుంది, ప్రాణాన్నీ కాపాడుతుంది. చనుబాలు, గంజి, ఓఆర్ఎస్ ఆపొద్దు. పత్యమని కడుపు మాడ్చొద్దు. డొక్కలు ఎగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, నల్లగుడ్డు మసకబారినా ఆ పూటే పెద్దాసుపత్రికి పంపండి.

జ్వరంతో దద్దుర్లున్న ప్రతి పిల్ల పేరూ అదే రోజు పీహెచ్‌సీకి చెప్పండి. రక్తం పరీక్షకు పంపించండి. ఆ వాడలో టీకా పడని పిల్లల్ని ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టండి. ఎంఆర్ టీకా 9 నెలలు నిండాక ఒకటి, 16–24 నెలల మధ్య రెండోది.

తట్టు టీకా మన దేశ కార్యక్రమంలోకి 1985లో వచ్చింది. అయినా 2022లో ముంబై గోవండి బస్తీల్లో పిల్లలు తట్టుతో చనిపోయారు. దేశంలో టీకా లేక కాదు, అందరు పిల్లలకూ చేరక.

వాడ పెద్దలారా, టీకా ఊరి నడిమధ్య పొద్దున పదింటికి వేస్తే కూలికి పోయే తల్లి ఎట్లా వస్తుంది? మన వాడలోనే, ఆమె ఇంట్లో ఉండే వేళకే వేయమని అడగండి. నోటితో కాదు, అర్జీ రాసి అడగండి. రాయడానికి మనిషి లేకపోతే బడికి రండి, నేను రాస్తాను.