ఓడిపోయే హక్కు

(జిల్లా మహిళా కార్యకర్తల సమావేశంలో ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచీ ఇక్కడ కూలి రేట్ల గురించీ, గృహహింస కేసుల గురించీ మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను లేచి ఫుట్‌బాల్ గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. నాకు కోపం రాలేదు. ముప్పయ్యేళ్ళు ఆడపిల్లల బడుల్లో డ్రిల్లు టీచరుగా పనిచేసిన దాన్ని, ఆ నవ్వు స్టాఫ్ రూములో విన్నదే. పరీక్షలు దగ్గరపడితే మొట్టమొదట పోయేది నా పీరియడే. లెక్కల మాస్టారు లాక్కున్నా, సైన్సు టీచరు లాక్కున్నా అడిగేవాళ్ళు లేరు. ఆట అనేది ఆడపిల్లకి మిగిలితే ఇచ్చేది, ముందుగా కోసేసేది. అందుకే ఇది హక్కుల విషయం అంటున్నాను.

ఒక మ్యాచితో మొదలుపెడతాను. 2025 ఏప్రిల్ 11. ఇండియన్ విమెన్స్ లీగ్‌లో ఈస్ట్ బెంగాల్ జట్టూ, ఒడిశా ఎఫ్‌సీ జట్టూ తలపడ్డాయి. రెండో సగంలో ఒకే ఒక గోల్ పడింది. కొట్టింది గుగులోత్ సౌమ్య. మన నిజామాబాద్ జిల్లా తండా పిల్ల. ఆ గోల్‌తో ఈస్ట్ బెంగాల్ ఛాంపియన్ అయింది. నూరేళ్ళు దాటిన ఆ క్లబ్బులో మగవాళ్ళ జట్టు 2003-04 తర్వాత జాతీయ లీగ్ టైటిల్ తేలేకపోయింది. ఇరవయ్యొక్క ఏళ్ళ తర్వాత ఆడవాళ్ళు తెచ్చారు.

మన పత్రికల్లో ఆ వార్త ఎంత మంది చూశారు? చేతులెత్తండి. చూశారా, వేళ్ళ మీద లెక్క పెట్టొచ్చు.

గెలిచినవాళ్ళ సంగతి అంతే. ఓడినవాళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. ఆ రోజు ఓడిన ఒడిశా ఎఫ్‌సీ అంతకు ముందు ఏడాది, అంటే 2023-24లో, ఛాంపియన్. సీజను ముగిసేసరికి ఆ జట్టు కింది నుంచి రెండో స్థానంలో ఉండి రెండో డివిజన్‌కి దిగిపోయింది. ఏడాది కిందట కప్పు ఎత్తిన జట్టు! ఈస్ట్ బెంగాలేమో 2023-24లో పట్టికలో కింది సగంలో ఎక్కడో ఉండి, మరుసటేడు పైకొచ్చింది. లీగ్ అంటే ఇదే. ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం.

లీగ్‌కీ మామూలు పోటీలకీ తేడా చెప్పాలి. మన బడి పోటీలన్నీ నాకౌట్ పద్ధతి. ఎనిమిది జట్లు వస్తే మొదటి రౌండులోనే నాలుగు జట్లు ఒక్క మ్యాచు ఆడి ఇంటికెళ్ళిపోతాయి. మొత్తం ఏడు మ్యాచులతో పోటీ అయిపోతుంది. అదే ఎనిమిది జట్లు లీగ్‌గా, ఒక్కో జట్టుతో రెండేసి సార్లు ఆడితే, 56 మ్యాచులు. ప్రతి జట్టుకీ 14. 2024-25 సీజను అలాగే జరిగింది. పట్టికలో అట్టడుగున ఉన్న పిల్లలు కూడా జనవరి నుంచి ఏప్రిల్ దాకా 14 సార్లు బూట్లు కట్టుకుని గ్రౌండులోకి దిగారు.

ఇందులో ఏముంది అంటారేమో. నా అనుభవం ఒకటి చెబుతాను.

ఒక ఏడాది మా బడి జట్టుని జోనల్ పోటీలకి తీసుకెళ్ళాను. మూడు నెలలు పొద్దున్నే ప్రాక్టీసు చేయించాను. మొదటి మ్యాచే నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయాం. సాయంత్రం బస్సుకే తిరుగు ప్రయాణం. మా గోల్‌కీపర్ పిల్ల ఇంటికి చేరేసరికి వాళ్ళ నాయనమ్మ గడపలోనే అడిగింది, "ఓడిపోయి రానీకేనా గంత దూరం పోయింది?" అని. ఆ పిల్లని మళ్ళీ పంపలేదు. అదే ఇంట్లో వాళ్ళ అన్న ఇంటర్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి కూడా ఫీజు కట్టారు. మగపిల్లాడు తప్పితే సప్లిమెంటరీ ఉంటుంది. ఆడపిల్ల ఒక్కసారి తప్పితే సంబంధాలు చూడటం మొదలుపెడతారు.

అప్పుడు నాకు తట్టింది. మనం ఆడపిల్లలకి గెలిచే అవకాశం అడుగుతున్నాం, బాగానే ఉంది. ఓడిపోయే హక్కు ఎప్పుడైనా అడిగామా? ఓడి, మళ్ళీ వారం అదే గ్రౌండుకి వచ్చే హక్కు?

మరుసటి ఏడాది చుట్టుపక్కల మూడు బడుల టీచర్లని బతిమాలి నాలుగు జట్లతో శనివారాల లీగ్ పెట్టాను. పన్నెండు మ్యాచులు అనుకుంటే తొమ్మిది జరిగాయి. ఒకటి వానకి పోయింది. ఒకటి గ్రౌండులో ఏదో పార్టీ సభ పెట్టినందుకు పోయింది. మూడోది, అవతలి జట్టులో ఇద్దరు పిల్లల్ని పత్తి ఏరడానికి పంపినందుకు పోయింది. మా జట్టు మొదటి మూడూ ఓడిపోయింది. మూడోది అయ్యాక పిల్లలు ఏడుస్తారనుకుని, ఏం చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. ఒక పిల్ల సాక్సు విప్పుకుంటూ, "మేడం, వచ్చే శనివారం ఎవరితో?" అంది. అంతే. నా ఉద్యోగంలో నాకు దొరికిన పెద్ద బహుమతి ఆ ప్రశ్న. నాలుగోది డ్రా చేశారు. ఆఖరిది గెలిచారు. పట్టికలో మాత్రం ఆఖరి స్థానమే!

ఇప్పుడు మళ్ళీ పెద్ద లీగ్ దగ్గరికొద్దాం. మన దేశంలో ఆడవాళ్ళ జాతీయ లీగ్ మొదలైంది 2016-17లో. ఆరు జట్లు, ఢిల్లీలో ఒక్క చోట, మూడు వారాల్లోపే ముగిసింది. ఇంఫాల్‌కి చెందిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ మొదటి ఛాంపియన్. తర్వాత ఏడాదికో ఊరు. షిల్లాంగ్, లూధియానా, బెంగుళూరు. 2020-21 సీజను కరోనాతో రద్దయిపోయింది. సొంత ఊళ్ళో కొన్ని, ఎదుటివాళ్ళ ఊళ్ళో కొన్ని ఆడే పూర్తి లీగ్ 2023-24లో గానీ రాలేదు.

ఆలస్యం ఖరీదు ఎంతో చెప్పనా? 2024 అక్టోబరులో మన ఛాంపియన్ ఒడిశా ఎఫ్‌సీ ఆసియా క్లబ్బుల పోటీకి వియత్నాం వెళ్ళింది. జపాన్ జట్టు ఉరావా చేతిలో 17-0తో ఓడిపోయింది. పదిహేడు గోల్స్. చాలామంది ఎగతాళి చేశారు. జపాన్‌లో ఆడవాళ్ళ లీగ్ 1989లోనే మొదలైందని ఎగతాళి చేసినవాళ్ళు చెప్పలేదు. మనకంటే ఇరవయ్యేడేళ్ళు ముందు. ఆ పదిహేడు గోల్స్ ఆ పదకొండు మంది పిల్లల చేతకానితనం కాదు. మనం వాళ్ళకి ఇవ్వని ఇరవయ్యేడు సీజన్లవి.

మైదానంలో ఎగుడు దిగుళ్ళు ఆటలో భాగం. మైదానం బయట పడే దెబ్బలు వేరు. రెండు సంగతులు గుర్తు చేస్తాను.

2022లో కేరళ క్లబ్బు గోకులం లీగ్‌లో పదకొండు మ్యాచులకి పదకొండూ గెలిచింది. ఆసియా పోటీ కోసం ఆగస్టులో తాష్కెంట్ వెళ్ళింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య పాలనలో బయటివాళ్ళ జోక్యం ఉందని ఫిఫా మన దేశాన్ని సస్పెండ్ చేసింది. పిల్లలు పరాయి దేశంలో దిగి, మ్యాచు ఆడకుండా తిరిగొచ్చారు. నెల తిరక్కుండానే సస్పెన్షన్ ఎత్తేశారు, కానీ వాళ్ళ పోటీ పోనే పోయింది. సమాఖ్య కుర్చీల తగాదాలో ఆ పిల్లలకి ఏ పాత్రా లేదు. నష్టపోయింది మాత్రం వాళ్ళు. మన ఇళ్ళలో అన్నదమ్ముల భూమి తగాదా వస్తే ఎవరి చదువు ఆగుతుందో మీకు నేను చెప్పాలా?

రెండోది 2024 మార్చి. గోవాలో రెండో డివిజన్ లీగ్ ఆడడానికి వెళ్ళిన హిమాచల్ ప్రదేశ్ జట్టులో ఇద్దరు, సమాఖ్య కార్యవర్గ సభ్యుడు ఒకాయన రాత్రి తమ గదిలోకి వచ్చి చేయి చేసుకున్నాడని ఫిర్యాదు చేశారు. గుడ్లు ఉడకబెట్టుకుంటుంటే గొడవ మొదలైందని వాళ్ళు చెప్పారు. పోలీసులు ఆయన్ని అరెస్టు చేశారు, సమాఖ్య సస్పెండ్ చేసింది. నేరం తేల్చాల్సింది కోర్టు. మనం చూడాల్సింది మాత్రం ఆ పిల్లల ధైర్యం. జట్టులో ఉంచాలన్నా తీసెయ్యాలన్నా ఎవరి చేతుల్లో ఉందో వాళ్ళ మీదే ఫిర్యాదు చేయడం మాటలు కాదు.

ఇక్కడ కార్యకర్తలుగా మనకి పనికొచ్చే విషయం ఒకటుంది. పనిచేసే చోట లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం ఆఫీసులకే అనుకుంటాం. ఆ చట్టం ప్రకారం క్రీడా సంస్థ, స్టేడియం, పోటీలు జరిగే స్థలం, హాస్టల్ ఉన్నా లేకపోయినా శిక్షణ ఇచ్చే చోటు, అన్నీ పనిచేసే చోట్లే. పదిమంది పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. అంతకంటే చిన్న చోటైతే జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి వెళ్ళొచ్చు. ఫిర్యాదుకి మూడు నెలల గడువు, కారణం చూపిస్తే ఇంకో మూడు నెలలు. మన జిల్లా క్రీడా హాస్టల్లో ఆ కమిటీ సభ్యుల పేర్లు గోడ మీద రాసి ఉన్నాయో లేదో, వచ్చే వారం వెళ్ళి చూద్దాం.

ఇక జీతం. 2023లో సమాఖ్య ఒక నిబంధన ప్రకటించింది. పై డివిజన్ క్లబ్బులు కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకి ఏడాదికి 3 లక్షల 20 వేల రూపాయలకు తక్కువ కాకుండా ఒప్పందం ఇవ్వాలని. మంచిదే, నెలకి ఇరవయ్యారు వేల చిల్లర పడుతుంది. కానీ జట్టులో పదిమందే ఉండరు కదా. పదకొండో పిల్ల సంగతేమిటి? రెండో డివిజన్‌కి దిగిపోయిన జట్టులో పిల్లల సంగతేమిటి? బీడీలు చుట్టే అక్కలు వెయ్యి బీడీలకి రేటు అడిగినట్టే, వీళ్ళు కూడా సీజనుకి రేటు అడగాలి. ఆట వాళ్ళకి సరదా కాదు, పని.

ఇంత కష్టంలోనూ ఫలితం ఉంది. 2025 జులైలో మన జాతీయ జట్టు థాయిలాండ్‌ని వాళ్ళ గడ్డ మీదే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కి అర్హత సాధించింది. ఆ జట్టులో ఉన్నవాళ్ళు ఈ చిన్న లీగ్‌లో ఓడుతూ గెలుస్తూ పెరిగినవాళ్ళే.

కానీ 2024-25లో ఆడిన ఎనిమిది జట్లలో తెలంగాణ నుంచి ఒక్కటీ లేదు, ఆంధ్రప్రదేశ్ నుంచీ ఒక్కటీ లేదు. మన సౌమ్య క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కి ఆడింది, బెంగాల్‌కి కప్పు తెచ్చింది. సొంత రాష్ట్రంలో ఆడడానికి ఆమెకి లీగ్ జట్టు లేదు. ఆమె గెలిచినప్పుడు శాలువాలు కప్పడానికి మాత్రం అందరూ ఉంటారు. శాలువా ఖర్చుతో రెండు బంతులొస్తాయి.

అందుకని ఈ సమావేశం తీర్మానాల్లో మూడు కోరికలు చేర్చమని అడుగుతున్నాను. ఒకటి, ప్రతి మండలంలో ఆడపిల్లల పోటీలు నాకౌట్ కాకుండా లీగ్‌గా పెట్టాలి. నాలుగు బడులు చాలు. రెండు, గ్రౌండులో వారానికి రెండు సాయంత్రాలు ఆడపిల్లలకి రాసివ్వాలి, పక్కన నీళ్ళున్న మరుగుదొడ్డి కట్టాలి. అది లేకే నెలకి నాలుగు రోజులు సగం జట్టు రాదు. మూడు, జట్టుతో ఊరు దాటి వెళ్ళే ప్రతిసారీ ఒక మహిళా టీచరో కోచో తోడు ఉండాలి.

మీరు పెద్ద పెద్ద పోరాటాలు చేసినవాళ్ళు. సారా ఉద్యమం చేసినవాళ్ళు కూడా ఇక్కడ ఉన్నారు. ఆ ఉద్యమంలో ఎన్నిసార్లు ఓడిపోయారో మీకు తెలుసు. దుకాణం మూయించి ఇంటికొచ్చేసరికి పక్క వీధిలో తెరిచేవాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళారు. మీ బిడ్డలకీ ఆ మర్నాడు కావాలి.

వచ్చే శనివారం మా ఊరి హైస్కూలు గ్రౌండులో మళ్ళీ మ్యాచు ఉంది. ఇప్పుడు నేను రిటైరయ్యాను గానీ విజిల్ నా దగ్గరే ఉంది. తీరిక ఉన్నవాళ్ళు రండి. మా పిల్లలు ఓడిపోవచ్చు. అయినా రండి.

సెలవు.