కొత్త పశువైద్య కళాశాలలో చేరేముందు

గరివిడి, మామునూరు లాంటి కొత్త పశువైద్య కళాశాలల్లో చేరాలనుకుంటున్నారా? భవనాల సంగతి తర్వాత, ముందు భారత పశువైద్య మండలి అనుమతి గురించి ఆరా తీయండి. ఆ మండలికి సంబంధించిన 1984 చట్టం ప్రకారం గుర్తింపున్న డిగ్రీ ఉంటేనే డాక్టరుగా రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. కొత్త కళాశాలకు మొదట వచ్చేది అనుమతి మాత్రమే. పూర్తి గుర్తింపు తనిఖీల తర్వాతే.

ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి చదువు ఐదున్నరేళ్లు. కళాశాల ఆసుపత్రికి రోజూ పశువులు వస్తున్నాయా అని సీనియర్లను అడగండి. భుజం దాకా తొడుగు వేసుకుని, గేదె చూడి కట్టిందో లేదో చేత్తో తడిమి చెప్పడం పుస్తకాలతో రాదు. కుక్కపిల్లలంటే ముద్దనుకుని వచ్చేవాళ్లు పేడవాసనకూ సిద్ధపడాలి మరి! ఇక సీట్ల సంగతికొస్తే, 15 శాతం సీట్లు అఖిల భారత కోటావి. వాటికి నీట్ ర్యాంకు తప్పనిసరి.