ఇన్సేన్‌లో చదివిన ఉత్తరం



కొత్త దేశంలో కాలు పెట్టినప్పుడు మన కళ్లు తొందరపడతాయి. చూసీ చూడకముందే ఇది ఇంతే అని తేల్చేస్తాయి. మయన్మారులో నా కళ్లు ఎన్నిసార్లు పొరబడ్డాయో మీకు చెబుతాను.

మన పెద్దలు బర్మా అని పిలిచిన దేశమే మయన్మారు. 1989లో దేశం పేరు మారింది. రంగూన్ నగరం యాంగోన్ అయింది. ఆ నగరాన్ని చుట్టి వచ్చే రైలుదారి ఒకటి ఉంది. దాని పొడవు సుమారు 46 కిలోమీటర్లు. ఆ రైలెక్కి, నగరానికి వాయవ్యంగా ఉన్న ఇన్సేన్‌కు బయలుదేరాను. ఇన్సేన్ అనగానే లోకానికి అక్కడి పెద్ద చెరసాల గుర్తుకు వస్తుంది. నాకూ అంతే తెలుసు.

రైలులో ఆడపిల్లల బుగ్గలమీద లేతపసుపు పూత కనిపించింది. ఏదో మందు అనుకున్నాను. అది తనకా అట! ఒక చెట్టు బెరడును సానమీద నీళ్లతో అరగదీసి, గంధంలాగా పూసుకుంటారు. పక్కన కూర్చున్న పెద్దమనిషిని, "మీ ఇంటిపేరేమిటి?" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను. ఆయన నవ్వాడు. బర్మీయులకు ఇంటిపేర్లు ఉండవు. 1961 నుంచి 1971 వరకు ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన ఊ థాంట్ పేరులోని 'ఊ' ఇంటిపేరు కాదు. మన 'గారు' వంటిది.

ఇన్సేన్‌లో దిగాను. స్టేషను పలకమీద గుండ్రని అక్షరాలు చూసి, తెలుగేమో అనుకొని దగ్గరకు వెళ్లాను. ఒక్కటీ చదవలేకపోయాను! ఆ ఊళ్లో రైలింజన్లు బాగుచేసే కర్మాగారం ఉంది. బౌద్ధ విహారాలు ఉన్నాయి. కరెన్ జాతి క్రైస్తవుల మతవిద్యాలయం ఉంది. చెరసాల ఒక్కటే ఊరు కాదు గదా!

సంతలో కూరగాయలు చూస్తూ, "వంకాయలు ఎంత లేతగా ఉన్నాయో!" అని పైకే అనేశాను.

"తెలుగోరా బాబూ?" అన్నది వాటిని అమ్ముతున్న అవ్వ.

నేను నిలబడిపోయాను. బ్రిటిషువారి కాలంలో మన కోస్తా జిల్లాల నుంచి వేలమంది ఓడలెక్కి బర్మా వెళ్లారు. రేవులో మూటలు మోశారు. బియ్యపు మిల్లుల్లో పనిచేశారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద వారిని అక్కడ 'కోరంగీలు' అన్నారు. 1964 ప్రాంతంలో ఎంతోమంది తిరిగి వచ్చేశారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట అట్లా వెలసిందే. కొందరు అక్కడే ఉండిపోయారు. మయన్మారు ప్రభుత్వం గుర్తించిన 135 జాతుల జాబితాలో తెలుగువారు లేరు. అయినా అవ్వ నోట తెలుగు ఉన్నది.

అవ్వ నన్ను ఇంటికి తీసుకువెళ్లి, రేకుపెట్టెలోంచి పాత ఉత్తరం తీసింది. "మా అన్న రాసింది బాబూ. చదివేవాళ్లు లేక దాచి ఉంచాను" అన్నది. నేను చదివాను. "ఇక్కడ వానలు బాగా పడ్డాయి. జామచెట్టు కాపుకు వచ్చింది. చెల్లీ, నీ క్షేమం రాయి." అంతే. రాసిన అన్న ఇప్పుడు లేడు. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకున్నది.

ఆమె మనుమరాలు తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. ఆ పిల్ల పలక తెచ్చి తన బర్మా అక్షరాలు రాసింది. ఒక్కొక్కదానికింద నేను మన అక్షరం రాశాను: క, ఖ, గ, ఘ, ఙ. అక్కడా ఇదే వరుస! రెండు లిపులూ ప్రాచీన బ్రాహ్మీలిపి సంతానమే. "అయితే నాకు సగం వచ్చేసినట్టే" అని ఆ పిల్ల గంతులు వేసింది.

పిల్లలారా! మాట చెవితో వస్తుంది. అక్షరం మాత్రం కూర్చుని నేర్చుకుంటేనే వస్తుంది. మీ ఇంట్లోనూ పాత ఉత్తరాలు ఉండవచ్చు. ఈ రోజు వెళ్లి అడగండి. ఉంటే, మీరే చదివి వినిపించండి.