మంచుమనిషి విషయంలో నా దిద్దుబాటు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వాళ్లు నాకు పది నిమిషాలు ఇచ్చారు. "ఇంజినీరువి కదా, నీ ప్రాజెక్టుల గురించి చెప్పు" అన్నారు. ప్రాజెక్టుల సంగతి భోజనాల దగ్గర మాట్లాడుకుందాం. 2017 ఫిబ్రవరిలో, సైన్స్ డే నాడు, ఇదే హాల్లో నేను తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక తప్పు చెప్పి వెళ్లాను. దాన్ని సరిదిద్దుకోవడానికి ఈ పది నిమిషాలూ వాడుకుంటాను.

ఆ రోజు నేను మాట్లాడింది మంచుమనిషి గురించి. 1991 సెప్టెంబర్ 19న ఆల్ప్స్ పర్వతాల్లో, 3,210 మీటర్ల ఎత్తున, ఒక జర్మన్ దంపతులకు కరుగుతున్న మంచులో ఒక శవం కనిపించింది. ఈ మధ్య చనిపోయిన పర్వతారోహకుడే అనుకున్నారంతా. మర్నాడు గాలితో నడిచే సుత్తి యంత్రంతో మంచు పగలగొట్టబోయి ఆయన తుంటి కూడా దెబ్బతీశారు. తరువాత ఇన్‌స్‌బ్రుక్ ఆచార్యుడు కొన్రాడ్ స్పిండ్లర్ పక్కన దొరికిన రాగి గొడ్డలి చూసి, ఈయన వయసు కనీసం నాలుగు వేల ఏళ్లు అన్నారు. కార్బన్ పరీక్షలో 5,300 ఏళ్లకు దగ్గరగా తేలింది. చోటు సరిగ్గా కొలిస్తే, ఆస్ట్రియా సరిహద్దు దాటి ఇటలీ వైపు 92 మీటర్ల చిల్లర లోపల ఉంది. అందుకే ఇప్పుడు ఇటలీలోని బోల్జానో మ్యూజియంలో, సున్నాకు ఆరు డిగ్రీలు కింద ఉన్న గదిలో పడుకుని ఉన్నాడు. ఆల్ప్స్‌లో ఆ శవం దొరికిన లోయ పేరు మీదే ఆయన్ని ఓట్జీ అంటారు.

పదేళ్లపాటు ఆయన చలికి, అలసటకు చనిపోయాడనే అనుకున్నారు. 2001లో ఎక్స్‌రేలు తీస్తే ఎడమ భుజంలో చెకుముకి రాతి బాణపు ములుకు కనిపించింది. వెనక నుంచి ఎవరో కొట్టారు. శవం పదేళ్లు కళ్లముందే ఉన్నా, హత్య అని ఎవరికీ తెలియలేదు!

ఇంతవరకూ నేను చెప్పినదంతా సరిగానే ఉంది. తరువాత తెర మీద ఒక బొమ్మ చూపించాను. 2011లో డచ్ కవల సోదరులు ఆడ్రీ కెన్నిస్, ఆల్ఫన్స్ కెన్నిస్ తయారుచేసిన ఓట్జీ విగ్రహం. లేత రంగు చర్మం, ఎండకు కమిలిన ముఖం, పొడుగు జుట్టు, గడ్డం. "ఇదీ ఆయన రూపం" అన్నాను. మూడో బెంచీలో ఒక అమ్మాయి లేచి అడిగింది: "ఆయన తెల్లగా ఉన్నాడని ఎలా తెలుసు సార్?"

నేను నవ్వి, "యూరప్ వాడు కదమ్మా" అన్నాను.

పిల్లలంతా నవ్వారు. ఆ అమ్మాయి కూర్చుంది. నా అంతటి వాడు చెప్పాక ఇంకేం అడుగుతుంది?

2023 ఆగస్టులో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు ఓట్జీ జీనోమ్‌ను మళ్లీ చదివి ప్రచురించారు. 2012లో వచ్చిన మొదటి దానికంటే ఇది చాలా స్పష్టమైనది. చర్మం ముదురు రంగు. ఇప్పటి దక్షిణ యూరప్ వాళ్లలో చాలామంది కంటే నలుపు. బట్టతల వచ్చే జన్యు లక్షణాలున్నాయి. ఈ విషయంలో ఆయనకూ నాకూ దగ్గర చుట్టరికమే అనుకోవచ్చు. మమ్మీ చర్మం నల్లగా ఉండటానికి మంచులో వేల ఏళ్లు నానడమే కారణం అనుకునేవాళ్లం. నిజానికి ఆ రంగులో కొంత ఆయనదే అయి ఉండొచ్చు. జన్యువుల నుంచి రంగు చెప్పడం ఫొటో తీయడం లాంటిది కాదు, అంచనా మాత్రమే. కానీ నా "యూరప్ వాడు కదమ్మా" కంటే ఆ అంచనా వెయ్యి రెట్లు నయం.

ఇంకో తప్పు కూడా దిద్దుకోవాలి. యూరప్ జనాభా మూడు పొరలుగా ఏర్పడిందని ఆ రోజు చెప్పాను. మొదట వేటాడి, దుంపలూ పళ్లూ ఏరుకుని బతికినవారు. సుమారు 8,500 ఏళ్ల కింద ఇప్పటి టర్కీ వైపు నుంచి వచ్చిన రైతులు. సుమారు 5,000 ఏళ్ల కింద నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న గడ్డిమైదానాల నుంచి పశువులతో వచ్చిన యామ్నాయా జనం. ఇది సరే. ఓట్జీలో మూడో పొర కూడా కొంచెం ఉందన్నాను. మొదటి జీనోమ్ ఆధారంగా అప్పట్లో వచ్చిన విశ్లేషణలు అలాగే అన్నాయి. కానీ చూడండి, ఆ జనం మధ్య యూరప్‌కు చేరింది ఓట్జీ చనిపోయాక. పుట్టుకకు ముందే మనవడి రక్తం తాతలో ఎలా ఉంటుంది? లెక్కలు చదువుకున్నవాడిని, నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

జవాబు కల్తీ. ఎముకను ముట్టుకున్న ఇప్పటి మనుషుల డీఎన్‌ఏ పాత నమూనాలో కలిసిపోయింది. దీన్ని పట్టుకునే పద్ధతుల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. మగవాడికి ఎక్స్ క్రోమోజోమ్ ఒక్కటే ఉంటుంది. అందులో ఒకే చోట రెండు వేర్వేరు అక్షరాలు తరచుగా కనిపిస్తే, లోపల ఇంకెవరో ఉన్నట్టు. కొత్త జీనోమ్‌లో మూడో పొర లేదు. 92 శాతం టర్కీ వైపు నుంచి వచ్చిన రైతుల వారసత్వం. ఆ కాలపు యూరప్ వాళ్లలో ఇంత ఎక్కువగా ఉన్నవాళ్లు అరుదు. అంటే ఆల్ప్స్ కొండల్లో ఆయన జనం వేటగాళ్లతో పెద్దగా కలవకుండా బతికారన్నమాట.

నమూనా కల్తీ నాకు కొత్త కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సరిగా కడగని సీసాలో బోరు నీళ్లు పట్టి పంపాను. ఆ రిపోర్టు నమ్మి కాంక్రీటుకు ఆ నీళ్లు పనికిరావని రాశాను. నెల తరువాత మళ్లీ పరీక్ష చేస్తే నీళ్లు బాగానే ఉన్నాయి. ఆ నెలంతా ట్యాంకర్లతో నీళ్లు మోయించిన ఖర్చు నా సంతకం మీద ఉంది.

బ్రిటన్‌లో చెడర్ అనే ఊరి గుహలో 1903లో దొరికిన అస్థిపంజరం కథా ఇలాంటిదే. సుమారు పదివేల ఏళ్ల నాటి వేటగాడు. 1997లో ఆ ఊరి వాళ్ల డీఎన్‌ఏతో పోల్చి చూస్తే, తల్లి వైపు వారసత్వంలో సరిపోయినవాడు అక్కడి స్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పే మాస్టారు! (ఇక్కడి సోషల్ మాస్టార్లు గమనించగలరు.) పేపర్లు వారసుడు దొరికాడని రాశాయి గాని, ఆ గుర్తు యూరప్‌లో పదిమందిలో ఒకరికి ఉంటుంది. 2018లో పూర్తి జీనోమ్ ఫలితాలు వచ్చాయి. ముదురు రంగు చర్మం, నీలం కళ్లు. ఆ విగ్రహం చేసిందీ కెన్నిస్ కవలలే. ఓట్జీని లేత రంగులో చేసిన చేతులే అవి.

మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆర్యులూ ద్రావిడులూ అంటూ నెలకోసారి తగవు వస్తుంది. ఆ గడ్డిమైదానాల జనంలో ఒక శాఖ మన వైపూ వచ్చింది, నిజమే. కానీ 2009లో హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన పరిశోధన చెప్పిందేమిటి? మన దేశంలో దాదాపు అన్ని సమూహాలూ కనీసం రెండు పురాతన జనాల కలయికే అని. మా వంశంలో ఏ కలయికా లేదని గ్రూపులో పెట్టిన మిత్రుడు ఇక్కడే ఉన్నాడు. పేరు చెప్పను, టీ తాగించాడు.

ముందు వరుసలో మా లెక్కల మాస్టారు ఉన్నారు. బోర్డు మీద తప్పు పడితే ఆయన డస్టర్ అందుకునేవారు కాదు. అడ్డంగా ఒక గీత గీసి, పక్కన సరైనది రాసేవారు. ఎక్కడ తప్పామో కూడా కనపడాలిరా అనేవారు.

2017లో నేను ఇచ్చి వెళ్లిన ఓట్జీ పోస్టరు సైన్స్ ల్యాబ్‌లో ఇంకా ఉంది. నిన్న చూశాను. తీసేద్దామని హెడ్మాస్టర్ గారు అంటే, నేనే వద్దన్నాను. కింద ఒక కాగితం అంటించాను. ఈ విగ్రహం 2011 నాటిదని, 2023 పరిశోధన ప్రకారం చర్మం ఇంకా ముదురు రంగు, జుట్టు పలచన అని రాశాను. దాని కింద ఇంకో వాక్యం ఉంది: "ఈ ప్రశ్న 2017లో తొమ్మిదో తరగతి విద్యార్థిని అడిగింది." పేరు కోసం ఖాళీ వదిలాను, ఆ రోజు నేను అడగలేదు. ఇప్పుడు ఇరవై దాటి ఉంటుంది. ఈ హాల్లో ఉన్నా, ఈ సంచికలో చదివినా, ఆఫీసులో చెప్పమ్మా. ల్యాబ్ తాళం సాయంత్రం దాకా తీసే ఉంటుంది.